ఎన్ని మూర్తులు? నర్మద పరిక్రమ దారిలో రోజువారీ అపార్థాలు

బయల్దేరక ముందు, ఇంట్లో

మనవాళ్ళకి నర్మద అంటే పుష్కరం. 2024 మే 1న గురుడు వృషభంలో అడుగుపెట్టాడు, ఓంకారేశ్వర్ ఘాట్ల మీద తెలుగు వినబడింది, పన్నెండు రోజుల్లో అయిపోయింది. మునక, పిండప్రదానం, తిరుగు రైలు. అలాంటి ఇంట్లో కూర్చుని "నర్మదకి వెళ్తున్నాం, నాలుగున్నర నెలలు పడుతుంది" అంటే వినేవాళ్ళకి యాత్ర అని తట్టదు. ఉద్యోగం ఊడిందా, మొగుడూపెళ్ళాలకి పడటం లేదా, సన్యాసమా? ఈ మూడింట్లో ఏదో ఒకటి ఖాయం చేసేసుకుంటారు.

లెక్క చెబితే కొంత నయం. పరిక్రమ అంటే నది చుట్టూ ప్రదక్షిణ. నది పొడవు 1312 కిలోమీటర్లు. ఒక ఒడ్డున సముద్రం దాకా వెళ్ళి, రెండో ఒడ్డున పుట్టినచోటికి ఎక్కి, మళ్ళీ బయల్దేరిన ఊరికి చేరాలి. దగ్గరదగ్గర 2600 కిలోమీటర్లు, చుట్టు దారులు కలిస్తే ఇంకా ఎక్కువ. పాత పద్ధతి మూడేళ్ళ మూడు నెలల పదమూడు రోజులు. ఇప్పుడు ఎక్కువమంది కార్తిక శుద్ధ ఏకాదశి దాటాక మొదలుపెట్టి, రోజుకి 20 నుంచి 25 కిలోమీటర్లు నడిచి, ఎండలు ముదిరేలోపు పూర్తి చేస్తారు. నది ఎప్పుడూ కుడిచేతి వైపే ఉండాలి. ఉపనదులు దాటవచ్చు, నర్మదని మాత్రం సముద్ర సంగమం దగ్గర తప్ప ఎక్కడా దాటకూడదు. వారానికొకసారి ఫలానా రోజు ఫలానా వేళకి ఫోన్ చేస్తామని, రెండో వారంలో కొండల్లో నాలుగైదు రోజులు ఫోన్ కలవకపోవచ్చని ముందే చెప్పి ఉంచాలి. చెప్పకపోతే ఆ నాలుగైదు రోజుల్లో ఇంట్లోవాళ్ళు పోలీసు స్టేషన్ దాకా వెళ్తారు.

ఇంకొకటి, బట్టల సంగతి. పరిక్రమలో తెల్లబట్టలు వాడుక. ఆడవాళ్ళు తెల్ల చీర కట్టుకున్న ఫొటో కుటుంబం వాట్సాప్ గుంపులో పడితే ఊళ్ళో పెద్దావిడ ఏమనుకుంటుందో వేరే చెప్పాలా? ఫొటోకి ముందు ఫోన్ చేసి ఒక మాట చెప్పాలి. లేదా రంగు అంచు ఉన్న చీర తీసుకోవాలి. దానికి అక్కడ ఎవరూ అభ్యంతరం చెప్పరు.

1వ రోజు, ఓంకారేశ్వర్

ఖండ్వాలో రైలు దిగి బస్సులో వస్తే ఇక్కడే మొదటి చిక్కు. జ్యోతిర్లింగం మాంధాత ద్వీపం మీద ఉంది. సంకల్పం దక్షిణపు ఒడ్డున చేస్తారు. సంకల్పం అయ్యాక వంతెన ఎక్కితే నర్మదని దాటినట్టే. అందుకని ద్వీపం మీద దర్శనం ముందురోజే ముగించుకోవాలి. చిన్న సీసాలో నర్మద నీళ్ళు పట్టుకుని, ఆడపిల్లలకి భోజనం పెట్టి, కడాయి ప్రసాదం, అంటే హల్వా, చేయించి బయల్దేరతారు.

పరిక్రమ చేస్తున్నట్టు ధ్రువపత్రం ఒకటి రాయించుకోవాలి. ఆధార్ జిరాక్సులు నాలుగు, ఫొటోలు నాలుగు ఉంటే చాలు. తర్వాత దిగే ఆశ్రమాల్లో దీని మీదే ముద్ర వేస్తారు. అపార్థం వచ్చేది పేరు దగ్గర. మన ఇంటిపేరు ముందుంటుంది, అదీ పొడి అక్షరంగా. "ఎస్ అంటే ఏమిటి? రావ్ మీ పేరా, ఇంటిపేరా?" అని రాసేవాడు తలగోక్కుని, తనకి తోచింది రాస్తాడు. నెల తర్వాత ఏ ఠాణా దగ్గరో పత్రంలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు కనబడితే జవాబు చెప్పుకోవలసింది మనమే. నోటితో చెప్పకుండా కార్డు ఇచ్చి, ఉన్నది ఉన్నట్టు ఎక్కించమనాలి.

పేరు చివర ఉన్నదాన్నిబట్టి కులం లెక్క కట్టడం అక్కడా ఉంది. కాకపోతే లెక్క వేరు. మన చౌదరి వాళ్ళ చౌదరి కాడు, మన వర్మ వాళ్ళ వర్మ కాడు. "కౌన్ సమాజ్ సే?" అని అడిగితే విప్పి చెప్పబోతే ఇంకా చిక్కుపడుతుంది. "పరిక్రమావాసీ" అని నవ్వి ఊరుకుంటే సాధారణంగా ఆ ప్రశ్న రెండోసారి రాదు.

2వ రోజు

సాయంత్రం మొదటి ఆశ్రమం. గుమ్మంలోనే ప్రశ్న: "కిత్నీ మూర్తి హైఁ?" మూర్తి అనగానే తెలుగువాళ్ళు సంచిలో ఉన్న దేవుడి బొమ్మలు లెక్కపెట్టుకుంటారు. అడిగింది మనుషుల్ని. ఇద్దరుంటే "దో మూర్తి" అనాలి. బొమ్మలు లెక్కేసి "పాంచ్" అంటే ఐదుగురికి రొట్టెలు కాల్చి కూర్చుంటారు, మిగిలిన ముగ్గురూ ఏరని చూస్తారు.

సాధువుల పలుకుబడి దారి పొడుగునా ఇలాగే ఉంటుంది. పక్క పరుచుకోమనడానికి "ఆసన్ లగావో" అంటారు. పొద్దుటి ఫలహారం బాల్‌భోగ్. ఉప్పు రామ్‌రస్, నమక్ అంటే అర్థం కాదని కాదు గానీ, రామ్‌రస్ అడిగినవాడు దారి తెలిసినవాడని ఒక చూపు చూస్తారు. తినడం, తాగడం అన్న మాటలకి బదులు పొందడం: "ప్రసాదీ పావో", "చాయ్ పావో". మన చెవికి పావు అని వినబడి, పావు గ్లాసు టీ ఇస్తున్నారు కాబోలు అనుకుంటాం. నిండా పోస్తారు.

"భోజన్ యా సదావ్రత్?" అని అడిగితే తొందరపడకూడదు. సదావ్రత్ అంటే వండని సరుకు: మనిషికి పూటకి సరిపడా గోధుమపిండి, పప్పు, ఉప్పు, కారం. గిన్నె, పెనం లేనివాళ్ళు తెలియక ఆ మాట అంటే పిండి మూట పట్టుకుని రాత్రంతా కూర్చోవలసిందే. అదే మడితో స్వయంపాకం చేసుకునేవాళ్ళకి ఈ మాట గొప్ప ఆసరా. "మీ చేతివంట తినం" అన్నది ఎంత మెత్తగా చెప్పినా అవతలి మనసుకి కులం మాటగానే తగులుతుంది. "సదావ్రత్ మిలేగా?" అంటే ఎవరికీ నొప్పి లేదు.

అన్నం గురించి. ఈ ఒడ్డున రొట్టెలే. టిక్కడ్ అని మందంగా కాలుస్తారు. విస్తట్లో అన్నం కోసం వెతుక్కునే చూపు వడ్డించేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. "చావల్ నహీఁ హై క్యా?" అని అడగడం మనకి మామూలు ప్రశ్న, వాళ్ళకి వంకపెట్టినట్టు. అన్నం తూర్పున దొరుకుతుంది, ఇంకో మూడు నెలలు నడవాలి. సంచిలో కందిపొడి ఒక పావుకిలో ఉంటే ప్రాణం నిలుస్తుంది. పక్కవాళ్ళకి పెట్టేటప్పుడు మాత్రం కారమని ముందే హెచ్చరించాలి.

5వ రోజు, భట్యాన్

ఖర్‌గోన్ జిల్లాలో ఒడ్డునే ఉన్న ఊరు. సియారామ్ బాబా ఉండిన చోటు. ఎవరు ఎంత ఇవ్వబోయినా పది రూపాయలు మాత్రం తీసుకుని మిగిలింది తిరిగి ఇచ్చేసేవారని ఈ నిమాడ్ ప్రాంతమంతా చెప్పుకుంటుంది. 2024 డిసెంబరులో పోయారు. డబ్బు విషయంలో ఈ దారి ఎలా ఆలోచిస్తుందో ఆ పది రూపాయల్లో ఉంది.

మనవాళ్ళు చేసే పొరపాటు ఇది. ఒక రైతు ఇంటికి పిలిచి భోజనం పెడతాడు. లేచి చేతులు కడుక్కుని ఐదువందల నోటు తీస్తాం, ఊరికే తినడం తప్పనే మర్యాదతో. ఆయన ముఖం మారిపోతుంది. తన ఇంటిని హోటల్ చేశామన్నమాట. ఇంట్లో తింటే డబ్బు తీయకూడదు. ఇవ్వాలనిపిస్తే ఆశ్రమంలో హుండీ ఉంటుంది, ఎవరూ చూడనప్పుడు అందులో వేయాలి.

తిరగబడిన అవమానం ఇంకోటి ఉంది. కూలికి వెళ్ళే ముసలావిడ పరుగెత్తుకొచ్చి పదో ఇరవయ్యో చేతిలో పెడుతుంది. హైదరాబాద్‌లో లక్షల జీతం తీసుకునే మనిషికి ఒళ్ళు చచ్చిపోతుంది. "వద్దమ్మా, మాకుంది" అని తిరిగి ఇస్తే ఆమె దానాన్ని కాలితో తోసినట్టే. ఆమె ఇస్తున్నది మనకి కాదు, మైయాకి, అంటే నర్మద తల్లికి. తీసుకుని నర్మదే హర్ అనాలి, ఈ దారిలో నమస్కారం అదే. ఆ డబ్బు వేరే జేబులో ఉంచి, వచ్చే ఆశ్రమం హుండీలో వేయవచ్చు, చివర కన్యాభోజనానికి వాడవచ్చు.

టీ సంగతి ఇక్కడే చెప్పాలి. రోజులో ఆరేడు చోట్ల పిలుస్తారు. అన్నీ తాగితే కడుపు మండుతుంది, కాదంటే చిన్నబుచ్చుకుంటారు. "నహీఁ" అనే మాట వాడకూడదు. "పా లియా, నర్మదే హర్" అని చేతులు జోడించి ఒక్క క్షణం ఆగాలి, నడుస్తూ అనకూడదు. నడుస్తూ అన్నది తప్పించుకోవడం, ఆగి అన్నది మర్యాద. చక్కెర జబ్బున్నవాళ్ళు "షుగర్ హై" అంటే పల్లెలో కూడా తెలుస్తుంది, ఉత్త పాలు ఇస్తారు.

6 నుంచి 8 దాకా, నిమాడ్ పల్లెలు

ఈ మూడు రోజులూ దారి సాఫీ. పత్తి, మిరప చేలు. నోటితోనే జాగ్రత్త.

హిందీ బొత్తిగా రానివాడికి ఇబ్బంది తక్కువ, చేతులతో నెట్టుకొస్తాడు. తెలుగులో ఉన్న సంస్కృతం మాటకి చివర్న "హై" తగిలిస్తే హిందీ అయిపోతుందనుకునేవాడు మునుగుతాడు. ఉదాహరణకి ఏం చేస్తావని అడిగితే "ఉద్యోగ్ కర్తా హూఁ" అంటాడు. హిందీలో ఉద్యోగ్ అంటే పరిశ్రమ. ఫ్యాక్టరీ యజమాని కాలినడకన వచ్చాడని ఊరంతా పోగవుతుంది. నౌకరీ అనాలి. ఉద్యోగం మానేసి వచ్చినవాడు "రాజీనామా దియా" అంటే, అక్కడ రాజీనామా అంటే కోర్టులోనో పంచాయతీలోనో కుదిరిన రాజీ. ఏ గొడవలో ఇరుక్కుని వచ్చాడో అని చూస్తారు. ఇస్తీఫా అనాలి. పిల్లల్ని "శిక్షా" చేశానని చెబితే చదువు చెప్పించాడనుకుంటారు, అదృష్టవశాత్తూ. "ఆలోచనా కర్ రహే హైఁ" అంటే వాళ్ళని తప్పుపడుతున్నామని. గుడి పూజారిని "ఇస్ గాఁవ్ కా చరిత్ర్ బతాయియే" అని అడిగితే ఊరి శీలం ఎలాంటిదో చెప్పమన్నట్టు, ఇతిహాస్ అనాలి. "ప్రపంచ్ దేఖ్‌నే నికలే హైఁ" అంటే లోకం చూడ్డానికి కాదు, మాయలూ మోసాలూ చూడ్డానికి. అక్కడ లోకానికి మాట సంసార్. మనకేమో సంసారం అంటే పెళ్ళాంపిల్లలు.

హైదరాబాదీ హిందీ వచ్చినవాళ్ళ బాధ వేరు. "తుమ్ కైకు పూఛ్ రే" అన్నది చార్మినార్ దగ్గర ఆప్యాయత, ఇక్కడి పెద్దమనిషికి దెబ్బలాట. ఎవరినైనా ఆప్ అనడం అలవాటు చేసుకోవాలి, పదేళ్ళ పిల్లాడిని కూడా.

9వ రోజు, బడ్వానీ దగ్గర రాజ్‌ఘాట్

ఇక్కడ నది నదిలా ఉండదు, సర్దార్ సరోవర్ వెనుక నీళ్ళు. గాంధీ అస్థికలు ఉంచిన స్మారకం ఈ ఘాట్ మీదే ఉండేది. మునక వస్తుందని 2017లో వేరేచోటికి తరలించారు. 138.68 మీటర్ల పూర్తి ఎత్తు దాకా నీళ్ళు నిండింది 2019లో. ఊళ్ళు పోయాయి, పరిహారాల గొడవలు ఇంకా మనుషుల మనసుల్లో ఉన్నాయి.

ఈ చోట నోటుపుస్తకం, కెమెరా బయటికి తీసిన నడకరిని ఎవరూ యాత్రికుడనుకోరు. సర్వే మనిషి అని కొందరు, పత్రిక వాడని కొందరు, ఆందోళనకారుడని కొందరు. ఒక్కో అనుమానానికి ఒక్కో రకం మర్యాద దొరుకుతుంది, అన్నీ బాగుండవు. "ఎంత వచ్చింది, భూమి ఎక్కడిచ్చారు" అన్న ప్రశ్న మన ఊళ్ళో పరామర్శ; పోలవరం ముంపు ఊళ్ళు చూసినవాళ్ళకి నోటిదాకా వచ్చేస్తుంది కూడా. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినాలి. రాసుకోవడం రాత్రి, పక్క మీద.

10 నుంచి 15 దాకా, శూల్‌పాణి ఝాడీ

పాతకాలం పరిక్రమలో అందరూ భయపడిన భాగం. భిల్లులు బాటసారుల దగ్గరున్నదంతా తీసుకుని గోచీతో వదిలేసేవారు. ఇప్పుడున్నవి బియ్యం, పప్పు పెట్టి రాత్రికి చోటిచ్చే ఇళ్ళు. కానీ భయం మాత్రం పుకార్ల మీద బతికే ఉంది. సంచిని గుండెకి హత్తుకుని, ఇంట్లోకి పిలిచిన మనిషిని పైనుంచి కిందికి చూసే అతిథిని ఎవరు సహిస్తారు? సంచి గుమ్మం పక్కన పెట్టి లోపలికి వెళ్ళడం మొదటి మర్యాద. పరిక్రమ చేసేవాళ్ళు భిల్లుల్ని "మామా" అనడం అలవాటు. దోపిడీ కథల్లోనూ ఇదే మాట. వాళ్ళే ముందు తమని అలా చెప్పుకుంటే తప్ప, భయ్యా, దాదీ అంటే చాలు.

పిల్లలు "నర్మదే హర్" అని కేకలేస్తూ చాక్లెట్ల కోసం వస్తారు. ఇక్కడ మాత్రం గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. 2018 జులై 1న, ఇక్కడికి దక్షిణంగా ధూలే జిల్లాలోని రాయిన్‌పాడాలో, భిక్షకి తిరిగే ఐదుగురిని పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళనుకుని ఊరిజనం కొట్టి చంపారు. వాట్సాప్ పుకారే కారణం. కొత్త ముఖం, గడ్డం, భుజాన సంచి, చేతిలో చాక్లెట్: ఆ బొమ్మ ఎలా కనబడుతుందో తెలిసి నడవాలి. తినుబండారాలు ఇవ్వదలిస్తే పొట్లంగా కట్టి పెద్దల చేతికో, బడి పంతులుకో, అంగన్‌వాడీలోనో ఇవ్వాలి. పిల్లల్ని ఎత్తుకోకూడదు, చెయ్యి పట్టుకుని నడిపించకూడదు, ఒంటరిగా ఫొటో తీయకూడదు. ఊళ్ళో అడుగుపెట్టగానే గట్టిగా "నర్మదే హర్" అంటే వచ్చినవాడెవరో ముందే తెలుస్తుంది. చీకటి పడ్డాక కొత్త ఊళ్ళోకి వెళ్ళకపోవడం ఇంకా మంచిది.

దూరాలు కూడా ఇక్కడే మోసం చేస్తాయి. "యహీఁ పాస్ మే" అంటే కొండ అవతల. అబద్ధమాడారని కోపం తెచ్చుకుంటారు కొత్తవాళ్ళు. కిలోమీటర్లు అడగకుండా, "పొద్దున బయల్దేరితే భోజనం వేళకి చేరతామా, దీపాల వేళకా?" అని అడిగితే సరైన జవాబు వస్తుంది.

18వ రోజు, గోరా, ఏకతా నగర్ వైపు

182 మీటర్ల పటేల్ విగ్రహం చూడటానికి వచ్చిన కార్లు ఒకపక్క, దుమ్ముకొట్టిన తెల్లబట్టల్లో నడిచేవాళ్ళు ఇంకోపక్క. పల్లెలో దేవుడిలా చూసిన మనిషినే ఇక్కడి హోటల్ గేటు దగ్గర కాపలావాడు బిచ్చగాడనుకుని అదిలిస్తాడు. రెండూ మనమే, రెండూ వాళ్ళకి కనబడినదే. ఖరీదైన ఫోన్ తీసి "నేను ఫలానా" అని నిరూపించుకోబోతే చుట్టూ ఉన్న జనానికి బిచ్చమెత్తి ఫోన్ కొన్నవాడిలా కనబడతారు. ధ్రువపత్రం తీసి చూపడం ఒకటే పనికొస్తుంది.

26వ రోజు, విమలేశ్వర్

దక్షిణపు ఒడ్డు అయిపోయింది. ఇక్కడి నుంచి పడవలో మీఠీ తలాయి చేరాలి. నర్మదని నీళ్ళ మీద దాటేది ఈ సంగమం దగ్గరే. పడవ గడియారం మీద నడవదు, పోటు మీద నడుస్తుంది. అర్ధరాత్రి లేపినా లేవాలి. పేర్లు రాయించుకున్న వరసలోనే ఎక్కిస్తారు. బస్సుల్లో పరిక్రమ చేసే పెద్ద గుంపులు కూడా ఇక్కడే కలుస్తాయి కాబట్టి, "మేం నడిచొచ్చాం, ముందు మేమే" అన్న తగాదా తరచూ లేస్తుంది. నడిచినందుకు వరసలో మినహాయింపు లేదు. సమయం ఎంత పడుతుందని పడవవాడిని పదేపదే అడగడం కూడా అతనికి అపశకునంలా ఉంటుంది. మూడు నాలుగు గంటలు అనుకుని మంచినీళ్ళు పెట్టుకోవాలి.

36వ రోజు, గరుడేశ్వర్

వాసుదేవానంద సరస్వతి, జనం నోట టెంబేస్వామి, 1914లో సమాధి అయిన చోటు. మరాఠీ పరిక్రమావాసులు ఇక్కడ ఎక్కువ, దత్తభక్తులు. ఆంధ్రా నుంచి అనగానే "పీఠాపురమా?" అంటారు. శ్రీపాద శ్రీవల్లభులు పుట్టిన ఊరు వాళ్ళకి కాశీ లాంటిది. పిఠాపురం మా ఊరికి దూరమండీ, ఎప్పుడూ వెళ్ళలేదు అని నిజం చెబితే వాళ్ళు నమ్మలేరు, ఇంట్లో గంగ పెట్టుకుని స్నానం చేయనివాడిని చూసినట్టు చూస్తారు. దారిలో ఇంతకన్నా సుఖమైన అపార్థం లేదు.

50వ రోజు, మహేశ్వర్

అహల్యాబాయి ఘాట్లు, చీరల మగ్గాలు. ఉత్తరపు ఒడ్డు. ఆడవాళ్ళు ఘాట్ మీద పక్కన కూర్చుని తీరిగ్గా మాట్లాడే ఊరు, అందుకే ప్రశ్నలూ ఇక్కడే లోతుగా వస్తాయి.

పాపిట్లో సిందూరం లేదు, తల మీద కొంగు లేదు, ఒంటిమీద తెల్ల చీర. మన పుస్తెలు, మెట్టెలు వాళ్ళ కంటికి వెంటనే ఆనవు. భర్త పోయాడా అని అడగకుండానే జాలిపడతారు. పాపిట్లో చిటికెడు కుంకుమ పెట్టుకుంటే ఆ సంభాషణే తప్పిపోతుంది. ఆశ్రమంలో పెద్ద సాధువు ముందు, ఊరి పెద్దల ముందు కొంగు తల మీదికి లాక్కోవడం కూడా అంతే. నమ్మకంతో పని లేదు, అది వాళ్ళ "నమస్కారమండీ". ఇక నెలసరి విషయంలో ఆశ్రమానికో రకం. వెళ్ళగానే అక్కడ వంట చూసే ఆవిడని పక్కకి పిలిచి అడిగితే సరి, తర్వాత తెలిస్తే మాటలు పడాలి.

అసలు చిక్కు మేనరికం. "మీ ఇద్దరిదీ ముందు చుట్టరికమేనా?" అంటే, "అవును, మా మామా కా బేటా" అని నవ్వుతూ చెబుతుంది తెలుగావిడ. అంతే, ఘాట్ మీద గాలి ఆగిపోతుంది. అక్కడ మేనమామ కొడుకు అన్న, రాఖీ కట్టేవాడు. ఇక మేనమామనే పెళ్ళాడిన దంపతులైతే చెప్పనే అక్కర్లేదు. మేనకోడలి కాళ్ళకి మేనమామ మొక్కే దేశం అది. సమర్థించుకోబోతే వేదాలు, కోర్టులు, చివరికి మద్రాసీలందరి పరువు చర్చకి వస్తాయి. "దూర్ కే రిష్తేదార్" అని వదిలేయడమే తెలివి. నడిచే నాలుగు నెలలూ "బావా" అని పిలుపు కూడా తగ్గించుకోవచ్చు, వాళ్ళకది "బాబా" అని వినబడి మొగుడిని స్వామీజీ అంటోందేమిటని అనుకుంటారు. కొడుకుని "నాన్నా" అని ముద్దుచేస్తే ఇంకో నవ్వు: అక్కడ నానా అంటే తల్లికి తండ్రి.

61వ రోజు, నేమావర్

నదికి నాభి అంటారు ఈ చోటుని. అవతలి ఒడ్డున హండియా కనబడుతుంది. అక్కడికి చేరేది ఇంకో రెండు నెలలకి.

కాళ్ళకి మొక్కడం మొదటి రోజు నుంచీ ఉంది గానీ ఈ పాటికి ఎవరికైనా విసుగో గర్వమో మొదలవుతుంది. ఎనభై ఏళ్ళాయన వంగి ఇరవైఐదేళ్ళ కుర్రాడి కాళ్ళు అంటుకుంటాడు. పెద్దవాళ్ళ చేత మొక్కించుకుంటే ఆయుక్షీణమని పెరిగిన కుర్రాడు గబుక్కున రెండడుగులు వెనక్కి వేస్తాడు. వంగినాయనకి అది వేరేగా అర్థమవుతుంది: ముట్టుకోనివ్వలేదు. ఎవరు ఎవరిని ముట్టుకోనివ్వరో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. కదలకుండా నిలబడి, చేతులు జోడించి, తానూ వంగి నర్మదే హర్ అనాలి. ఆడపిల్లల్ని మాత్రం మొక్కనివ్వకూడదు. అక్కడ కన్య కాళ్ళకి పెద్దలే మొక్కుతారు.

సాధువుల దగ్గర ఇంకో పొరపాటు. "ఏ ఊరు మీది, పిల్లలెంతమంది" అన్నది మన ఆప్యాయత. సన్యాసిని పూర్వాశ్రమం అడగకూడదు. ధుని, అంటే సాధువుల అగ్నిగుండం, దగ్గర కూర్చుంటే అందులో కాగితమో బీడీముక్కో వేయకూడదు, చిమటా (పటకారు) ముట్టుకోకూడదు, కాళ్ళు ధుని వైపు చాపకూడదు. చలికి కాళ్ళు కాచుకునే మంట అనుకోవడం వల్లే ఎక్కువ తిట్లు పడతాయి.

85వ రోజు, జబల్‌పూర్ గ్వారీఘాట్

మాఘ శుద్ధ సప్తమి. మనకి రథసప్తమి, ఇక్కడ నర్మదా జయంతి. తలమీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేస్తుంటే చుట్టూ జనం చేరి ఏ వ్యాధికి వైద్యమని అడుగుతారు. ఘాట్ పొడవునా భండారాలు, అంటే ఉచిత భోజనాలు. ఎక్కడో ఒకచోట తినేసి రెండోదాన్ని దాటిపోకూడదు, చిటికెడు ప్రసాదం నోట్లో వేసుకుని కదలాలి.

మాట విషయంలో ఇక్కడో ఊరట ఉంది. అవును అనడానికి బుందేలీలో "హఓ" అంటారు. మూడు నెలలుగా నాలిక కరుచుకున్న హైదరాబాదీలు "హౌ" అని హాయిగా అనేయవచ్చు.

100వ రోజు, అమర్‌కంటక్

పుట్టినచోటు వచ్చింది కాబట్టి అయిపోయిందని ఇంట్లో అభినందనలు మొదలవుతాయి. ఇంకా నెల పైచిలుకు నడక ఉంది. ఇక్కడ నది దాటకుండా మూలం వెనకనుంచి, మాయీ కీ బగియా వైపు చుట్టి దక్షిణపు ఒడ్డుకి మళ్ళుతారు. కారేసుకుని చూడవచ్చిన బంధువులు "ఎక్కండి, అరగంటలో కపిలధార జలపాతం చూపించి తెస్తాం" అంటారు. ఎక్కనంటే మొండితనం అనుకుంటారు.

తర్వాత దిండోరీ, మండ్లా జిల్లాల గోండు పల్లెలు. అన్నం వచ్చింది, కోదో, కుట్కీ అనే చిరుధాన్యాలు వచ్చాయి. ఉన్నదంతా వడ్డించి తాము పస్తుండే ఇళ్ళూ ఉన్నాయి. మారు అడక్కముందు గిన్నెలో ఎంతుందో చూడాలి. వడ్డించడం ఆపమనడానికి చేతులు విస్తరి మీద అడ్డం పెడితే చాలు, "బస్" అన్న మాటని మొహమాటం అనుకుంటారు.

122వ రోజు, నర్మదాపురం

2022 దాకా హోశంగాబాద్. పాతవాళ్ళు పాత పేరే అంటారు, బోర్డుల మీద కొత్త పేరు. ఏ పేరు పలికితే ఏ పక్షమనుకుంటారో తెలియనప్పుడు సేఠానీ ఘాట్ ఎటు అని అడిగితే ఎవరైనా చూపిస్తారు.

134వ రోజు, మళ్ళీ ఓంకారేశ్వర్

చుట్టాలు ముందురోజే దిగి ఉంటారు, ద్వీపం మీద గుడి పక్కన గది తీసుకుని. పొద్దుటి నుంచి ఫోన్లు: "వంతెన ఇవతలే ఉన్నాం, కనబడుతున్నావు కూడా, వచ్చెయ్యి." దక్షిణపు ఒడ్డున సంకల్పం విడిచి, కడాయి చేసి, కన్యలకి భోజనం పెట్టేదాకా వంతెన ఎక్కడానికి లేదు. దానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. ముందే సరుకులు చెప్పి ఉంచకపోతే సాయంత్రమే అవుతుంది. చుట్టాల్నే ఇవతలికి పిలిచి, ఆడపిల్లలకి వడ్డించే పని అప్పగిస్తే ఆ ఫోన్లు ఆగుతాయి. మగవాళ్ళు గడ్డం తీయించుకునేది ఆ తర్వాతే. నాలుగున్నర నెలలు మోసిన సీసాతో అప్పుడు వంతెన దాటి, ఆ నీళ్ళు జ్యోతిర్లింగం దగ్గర సమర్పిస్తారు. తిరుగు టికెట్లు కాబట్టి మర్నాటికి తీసుకోవాలి.